చవక ప్రయాణం ఎవరి ఖర్చుతో?

చి. బుజ్జికి మామయ్య దీవించి రాయునది.  

నీ మెసేజ్ అందింది. నలుగురు స్నేహితురాళ్ళు, శని ఆదివారాలు, మనిషికి పదిహేను వందలు. "తక్కువ ఖర్చులో హైదరాబాద్ మొత్తం చూసే లిస్టు పంపు మామయ్యా" అన్నావు. లిస్టే కావాలంటే ఫోన్‌లో రెండు నిమిషాల పని. కానీ చవకగా తిరగడం గురించి నీకు నాలుగు మాటలు చెప్పాలని ఉంది. వాటికి ఫోన్ చాలదు. సిటీ బస్సులో కండక్టరుగా బతికినవాణ్ణి కదా, ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు డబ్బు ఎలా మిగుల్చుకుంటారో దగ్గర నుంచి చూశాను. కొందరు ముందే దారి కనుక్కుని, ఎండలో నడిచి, ఇంటి నుంచి పులిహోర కట్టుకొచ్చి మిగుల్చుకుంటారు. కొందరు తమ ఖర్చు పక్కవాడి నెత్తిన పెట్టి, ఎంత చవకగా తిరిగొచ్చామో అని ఊళ్ళో చెప్పుకుంటారు. ఇద్దరి దగ్గరా మిగిలేది అదే రూపాయి. రాత్రి పడుకునే ముందు లెక్క చూసుకునేటప్పుడు, ఈ రూపాయి మన కాళ్ళు మిగిల్చిందా, ఇంకొకరి కడుపు మిగిల్చిందా అని ఒక్కసారి నిన్ను నువ్వే అడుగు. నేను చెప్పబోయేదంతా దాని గురించే.

ముందు బస్సు సంగతి. 2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ కూడా అంతే. డీలక్స్, సూపర్ లగ్జరీ, రాజధాని ఎక్కితే మాత్రం చార్జీ పెట్టాలి. అంటే మీ సూర్యాపేట నుంచి ఇక్కడి ఎం.జి.బి.ఎస్. బస్టాండు దాకా ఎక్స్‌ప్రెస్‌లో మీకు పైసా ఖర్చు లేదు. తెలంగాణ అడ్రసున్న కార్డు ఒరిజినల్ వెంట పెట్టుకోండి. ఫోన్‌లో ఫొటో చూపించి కండక్టరుతో వాదనకు దిగొద్దు, ఆయన వెనక యాభై మంది నిలబడి ఉంటారు. ఇంకో మాట: జీరో టికెట్ అడిగి తీసుకోండి. ఉచితమే కదా, టికెట్ ఎందుకులే అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునే అమ్మాయిలను చూస్తుంటాను. ఆ కాగితం మీద మీ చార్జీ సున్నా, కానీ ఆర్టీసీకి ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఆ జీరో టికెట్ల లెక్క మీదే వస్తుంది. మీరు తీసుకోకపోతే ఆ ప్రయాణం లెక్కలో లేనట్టే. చెకింగ్ వాళ్ళు ఎక్కితే ముందు మాట పడేది కూడా కండక్టరే. మీకు ఉచితమైనది ఊరికే రాలేదు, ఎవరో కడుతున్నారు. లెక్క రాయనివ్వడం మీ వంతు.

మీ నలుగురిలో ఒకమ్మాయిది జగ్గయ్యపేట అన్నావు. ఆమె ఆధార్ ఆంధ్రాది కాబట్టి ఇక్కడ ఆమెకు టికెట్ పడుతుంది. ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి ఇలాంటి పథకమే వచ్చింది, అయితే అది ఆ రాష్ట్రం బస్సుల్లో, ఆ రాష్ట్రం లోపల. ఇప్పుడు మీ ముందు రెండు తప్పుడు దారులు ఉన్నాయి. ఒకటి, గుంపులో కలిసిపోయి ఆమెకూ జీరో టికెట్ కొట్టించడం. అది దొంగతనం, దానికి వేరే పేరు వెతక్కండి. రెండోది ఎవరూ తప్పనుకోరు, కానీ నాకు అదీ తప్పే: "నీ చార్జీ నువ్వు పెట్టుకో, మాది ఫ్రీ" అనడం. నలుగురూ కలిసి బయల్దేరాక సరిహద్దుకు అవతల పుట్టినందుకు ఒకరికి మాత్రం జరిమానా ఎందుకు? ఆమె టికెట్ డబ్బు నలుగురూ పంచుకోండి. మొత్తం చూస్తే మనిషికి పెద్దగా పడదు. ఆ అమ్మాయి మాత్రం రెండు రోజులూ మీ మధ్య తలెత్తుకుని తిరుగుతుంది.

ఆ మాట వచ్చింది కాబట్టి పర్సు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. బయల్దేరేటప్పుడే ఉమ్మడి పర్సు పెట్టుకోండి. తలా వెయ్యి వేసి ఒకరి చేతికివ్వండి, రాత్రి లెక్క చెప్పమనండి. పదిహేను వందలు మీలో ఒకరికి వాళ్ళ నాన్న అడగ్గానే తీసిచ్చినవి అయ్యుండొచ్చు, ఇంకొకరికి వాళ్ళమ్మ మిషన్ కుట్టి దాచినవి అయ్యుండొచ్చు. మీలో ఎవరి దగ్గర తక్కువుందో వాళ్ళ చెయ్యి ఎంత సాగితే మీ ప్రయాణం అంతే. బిర్యానీ దగ్గర "నాకు ఆకలి లేదు, మీరు తినండి" అని ఎవరన్నా అంటే, మెట్ల దగ్గర "మీరు పైకెళ్ళి రండి, నేను బ్యాగులు చూస్తాను" అంటే నమ్మెయ్యకు. ఆ మాట వెనక ఏముందో పసిగట్టి, అందరూ కలిసి చేయగలిగిన పనికి మారండి. అలాగని అందరి ముందూ "డబ్బుల్లేవా?" అని అడిగి సిగ్గుపడేలా చేయొద్దు. చార్మినార్ పైకి ఎక్కడానికి పాతిక రూపాయలు, 149 మెట్లు. ఉమ్మడి పర్సులో ఉంటే ఆ పాతిక దగ్గర ఎవరూ ఆగిపోరు.

"హైదరాబాద్ మొత్తం" అన్న మాట వదిలెయ్యి. రామోజీ ఫిలిం సిటీ టికెట్టే వెయ్యి దాటుతుంది, రోజంతా పడుతుంది, పైగా ఊరికి అవతల. ఈసారికి వద్దు. నడక ఎక్కువ, టికెట్లు తక్కువ ఉండే దారి చెప్తాను.

శనివారం తెల్లవారుజామున అక్కడ ఎక్కితే తొమ్మిదింటికల్లా ఎం.జి.బి.ఎస్.లో ఉంటారు. బయటికి రాగానే ఆటోవాళ్ళు చుట్టుముట్టి "చార్మినార్, చార్మినార్" అంటారు. నవ్వి, నడిచి వచ్చెయ్యండి. అఫ్జల్‌గంజ్ వైపు నడిస్తే ఈ ఊరి అసలు కథ అక్కడే మొదలవుతుంది. సెంట్రల్ లైబ్రరీ ఉంటుంది, పాత పేరు ఆసఫియా, 1891లో పెట్టింది. దాని పక్కన ఉస్మానియా ఆసుపత్రి. ఆ ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరు కొట్టుకుపోయినప్పుడు ఆ చెట్టెక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెప్తారు. ఆ వరద దెబ్బకే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు, ఆయన సలహా మీదే తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. చెట్టు చూడ్డానికి టికెట్ లేదు. కానీ అది ఆసుపత్రి బిడ్డా. గేటు దగ్గర కింద చాప పరుచుకుని కూర్చున్నవాళ్ళు ఏ ఊరి నుంచి ఏ జబ్బుతో వచ్చారో తెలియదు. అక్కడ గట్టిగా నవ్వుకుంటూ సెల్ఫీలు తీసుకోవద్దు. చూసి, ఒక నిమిషం నిలబడి, వచ్చెయ్యండి.

అక్కడి నుంచి నయాపూల్ దాటితే ఎడమకు సాలార్‌జంగ్ మ్యూజియం, కుడివైపు నది ఒడ్డునే హైకోర్టు. మ్యూజియానికి సెలవు శుక్రవారం, కాబట్టి మీకు ఇబ్బంది లేదు. ఆదివారం కంటే శనివారం రద్దీ తక్కువ. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసఫ్ అలీఖాన్ నిజాం దగ్గర కొన్నాళ్ళు దివాన్‌గా చేసి దిగిపోయాడు, పెళ్ళి చేసుకోలేదు, జీవితాంతం వస్తువులు కొన్నాడు. 1949లో పోయాడు. 1951లో ఆయన ఇంట్లోనే నెహ్రూగారి చేత మ్యూజియం తెరిపించారు, ఇప్పుడున్న భవనంలోకి 1968లో మారింది. నలభై వేలకు పైగా వస్తువులున్నాయి. అన్నీ చూడాలని పరుగెత్తితే సాయంత్రానికి మీకు గుర్తుండేది కాళ్ళనొప్పి ఒక్కటే. మూడు గదులు ఎంచుకోండి. ముసుగు వేసుకున్న రెబెక్కా బొమ్మ దగ్గర ఎక్కువసేపు ఆగండి. ఇటలీ శిల్పి బెంజోనీ చేసింది. రాయి మీద రాయి ముసుగు, లోపల ముఖం కనిపిస్తుంది. గంట కొట్టే గడియారం దగ్గర జనం విరగబడతారు. గంటకు మూడు నిమిషాల ముందు గడ్డం బొమ్మ బయటికొచ్చి, టైమ్ కాగానే గంట కొట్టి లోపలికి పోతుంది. దాని కంటే అక్కడి జనాన్ని చూడ్డం నాకు ఇష్టం. ముందువరసలో నిలబడి ఫోన్ పైకెత్తి పట్టుకునేవాడి వెనక ఒక ముసలాయన ఎప్పుడూ ఉంటాడు, ఆయన ఏ ఆదిలాబాద్ నుంచో ఒక్కసారి చూసిపోదామని వచ్చి ఉంటాడు. ఫోన్ దించి ఆయన్ని ముందుకు రానివ్వండి. మీకు యూట్యూబ్‌లో ఆ బొమ్మ ఎప్పుడైనా దొరుకుతుంది.

మధ్యాహ్నం తిండి. ఇక్కడ నీకు కాస్త కోపం వచ్చే మాట చెప్పబోతున్నాను. ఈ ఊళ్ళో ఐదు రూపాయలకు అన్నం పెట్టే క్యాంటీన్లు 2014 నుంచి ఉన్నాయి. ఆసుపత్రుల దగ్గర, లేబర్ అడ్డాల దగ్గర, చౌరస్తాల్లో కనిపిస్తాయి. వేడిగా అన్నం, పప్పు, కూర, పచ్చడి. "చవకగా హైదరాబాద్" అని వీడియోలు పెట్టేవాళ్ళు మొదట చెప్పేది దాని గురించే. నువ్వు అడిగిన లిస్టులో కూడా అది ఉంటుందని నాకు తెలుసు. మీరు వెళ్ళొద్దు.

ఎవరూ ఆపరు, ఆధార్ అడగరు, నిజమే. ప్రజల సొమ్ముతో పెట్టిన అన్నం, మనమూ ప్రజలమే కదా అని వాదించొచ్చు. కానీ ఆ క్యాంటీన్ దగ్గర తెచ్చిన అన్నం తెచ్చినంతే. అయిపోతే మూతపెట్టి వెళ్ళిపోతారు. మీ వెనక నిలబడ్డవాడు సిమెంటు మూటలు మోసి, అరగంట విరామంలో పరుగెత్తుకొచ్చినవాడు. లేదా ఆసుపత్రిలో మనిషిని పెట్టుకుని, ఇంటి నుంచి తెచ్చిన డబ్బు మందులకైపోయి వచ్చిన తల్లి. మీ నలుగురు తిన్న నాలుగు ప్లేట్లు వాళ్ళవి. మీకు మిగిలింది నలుగురికీ కలిపి ఒక రెండు మూడొందలు. ఆ మూటలు మోసేవాడు పస్తులతో మళ్ళీ మూట ఎత్తుకోవాలి. పర్సులో డబ్బులున్నప్పుడు ఆ లైను మనది కాదు. రేపు నువ్వు కోచింగ్‌కని ఈ ఊరికి వచ్చి, నెలాఖరున చేతిలో ఏమీ లేక ఆకలేస్తే, అప్పుడు సిగ్గుపడకుండా వెళ్ళి నిలబడు. అది నీలాంటి వాళ్ళ కోసమే పెట్టారు. ఆకలిని బట్టి లైను మారుతుంది. మీ అత్తయ్య వాదన వేరేలే. "పిల్లలు ఒక్కసారి తింటే ఏమైపోతుంది, ఎలా ఉంటుందో చూడనీ" అంటుంది. మాకిద్దరికీ ఇది తెగలేదు. నా మాట మాత్రం ఇదే.

మరేం తినాలి? శనివారం మధ్యాహ్నానికి మా అక్క చేత పులిహోర కట్టించుకోండి, లేదా చపాతీలు. మదీనా దగ్గరో పత్తర్‌గట్టీలోనో ఎక్కడైనా నీడ చూసుకుని తినొచ్చు. కవర్లు, పేపర్ ప్లేట్లు బ్యాగులోనే పెట్టుకుని మా ఇంటిదాకా తీసుకురండి. ఆ వీధి ఊడ్చే ఆమె పని పొద్దున్నే అయిపోయింది. సాయంత్రం చార్మినార్ పక్కన ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ తప్పదు. డబ్బు చూసుకుంటే వన్ బై టూ చెప్పుకోండి, అది ఈ ఊళ్ళో పాత అలవాటే, ఎవరూ చిన్నచూపు చూడరు. కానీ ఒక్క చాయ్ చెప్పి నాలుగు కుర్చీలు గంటసేపు పట్టుకుని కూర్చోవద్దు. ఆ బల్ల తిరిగితేనే ఆ హోటల్ నడుస్తుంది.

చార్మినార్ సంగతి స్కూలు పుస్తకాల్లో చదివావు, 1591, కులీ కుతుబ్ షా, ఇవన్నీ నీకు తెలుసు. పైకెక్కి దక్షిణం వైపు చూస్తే మక్కా మసీదు కనిపిస్తుంది. కుతుబ్ షాహీలు మొదలుపెట్టిన కట్టడం, 1694లో ఔరంగజేబు కాలానికి పూర్తయింది. ఎన్ని తరాల కూలీలు రాళ్ళెత్తి ఉంటారో. లోపలికి వెళ్ళొచ్చు, డబ్బేమీ లేదు. చెప్పులు విప్పి, చున్నీ తల మీద వేసుకుని, నమాజు వేళ కాకుండా వెళ్ళండి. పావురాలకు గింజలు వేసి అవి ఎగిరేటప్పుడు వీడియో తీయడం ఇప్పుడు అందరికీ పిచ్చి. తీసుకోండి, కానీ నల్ల బురఖాల్లో వెళ్తున్న ఆడవాళ్ళను "పాతబస్తీ వాతావరణం" అని ఫొటో తీయొద్దు. వాళ్ళు బజారుకి కూరగాయలకు వచ్చారు. మన సూర్యాపేటలో నువ్వు కూరగాయలు కొంటుంటే ఎవరో హైదరాబాదీ వచ్చి నీ ఫొటో తీస్తే ఊరుకుంటావా?

ఇక లాడ్ బజార్. మీరు నలుగురూ ఎక్కువ డబ్బు పెట్టేది అక్కడే, నాకు తెలుసు. లక్క గాజులు. 2024లో ఈ గాజులకు జీఐ గుర్తింపు వచ్చింది. లక్కను నిప్పుల మీద మెత్తగా చేసి, కమ్మీలా సాగదీసి, గుండ్రంగా వంచి, దాని మీద రాళ్ళు ఒక్కొక్కటే అద్దుతారు. వెనక గల్లీల్లో ఇళ్ళల్లో కూర్చుని ఆడవాళ్ళు చేసే పని అది. చేతిపనికి లెక్క కట్టి కూలి ఇస్తారు, వేళ్ళు కాలడం మామూలే. నువ్వు దుకాణంలో నూటయాభై అన్న జతను డెబ్భైకి దించానని సంతోషపడతావు. దుకాణదారుకు అది ముందే తెలుసు, బేరం ఆడతారని కలిపే చెప్తాడు. ఆడు, తప్పు లేదు. అక్కడ బేరం ఆడకపోతే వాళ్ళకే బోర్. అయితే పద్ధతి ఒకటుంది. నువ్వు ఒక ధర నోటితో అన్నాక, ఆయన సరే అన్నాక, వదిలేసి పక్క షాపుకి పోకూడదు. కొనే ఉద్దేశం లేకుండా ఇరవై జతలు తీయించి, చేతికి వేయించుకుని, ఫొటోలు దిగి, "చూసొస్తాం అన్నా" అని జారుకోకూడదు. దుకాణంలో బేరం ఆడు, రోడ్డు మీద గంపలో పెట్టుకుని అమ్మే ముసలామె దగ్గర ఆడకు. ఆమె చెప్పిన పది రూపాయల్లో కలిపింది ఏమీ ఉండదు. పెద్ద మాల్‌లో స్టిక్కరు మీద ఉన్న ధర మాట్లాడకుండా ఇచ్చేసి, జామకాయల గంప దగ్గర రెండు రూపాయలకు పావుగంట నిలబడేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది.

చీకటి పడ్డాక చార్మినార్ దీపాల్లో బాగుంటుంది. అరగంట చూసుకుని ఎనిమిదిలోపు అక్కడ బస్సెక్కెయ్యండి. కోఠిలో మారి రాంనగర్ రావాలి. ఆ టైములో సిటీ బస్సులు కిక్కిరిసి ఉంటాయి. ఇళ్ళల్లో పని చేసి వచ్చేవాళ్ళు, ఆసుపత్రుల్లో ఊడ్చేవాళ్ళు, షాపుల్లో పొద్దుటి నుంచి నిలబడ్డ అమ్మాయిలు. మీరు సరదాకి తిరిగి అలిసిపోయారు, వాళ్ళు డ్యూటీ చేసి అలిసిపోయారు. సీటు దొరికినా లేచి ఇవ్వండి.

రాత్రి పడక మా ఇంట్లోనే. "హోటల్ ఖర్చు లేదు, మామయ్యవాళ్ళ ఇల్లుంది కదా" అని స్నేహితురాళ్ళతో చెప్పి ఉంటావు. చెప్పు, మాకు సంతోషమే. కానీ హోటల్ ఖర్చు తప్పిందంటే అది ఎక్కడికో పోయిందని కాదు, ఇల్లు మారింది, అంతే. మాకున్నవి రెండు గదులు. మంచినీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, అత్తయ్య డ్రమ్ములు నింపుకుంటుంది. నీళ్ళు వచ్చే రోజు చూసి ఆదివారం పొద్దున స్నానాలకు లెక్క వేసుకుంటోంది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, నీకు తెలుసు. నువ్వు రాత్రి భోజనానికి వస్తామని చెప్పి, దారిలో బిర్యానీ తినేసి వచ్చి "కడుపు నిండిపోయింది అత్తయ్యా" అన్నావనుకో, నలుగురికి చేసిన కూర మిగిలిపోతుంది, ఆమె ఏమీ అనదు. ఆ ఏమీ అనకపోవడం మీద బతకొద్దు. తినేది ఎక్కడో ముందు చెప్పు. తువ్వాళ్ళు, దుప్పట్లు మీవి మీరు తెచ్చుకోండి. తిన్న కంచాలు కడిగేసి పెట్టండి, ఆమె వద్దంటుంది, అయినా కడగండి. ఖాళీ చేతులతో రాకూడదని దారిలో ఐదొందలు పెట్టి స్వీటు బాక్సు కొనకు. మాకిద్దరికీ షుగర్. అక్క దగ్గర చింతపండు ఉంటే కాస్త తే, చాలు.

ఆదివారం పొద్దున గోల్కొండ. మెహదీపట్నం దాకా ఒక బస్సు, అక్కడ నుంచి కోటకు ఇంకొకటి. తెరవగానే లోపల ఉండాలి, ఎండెక్కితే ఎక్కలేరు. మూడు వందలకు పైగా మెట్లు. టికెట్ ఇక్కడా పాతికే, ఆన్‌లైన్‌లో కొంటే ఐదు తగ్గుతుంది. నీళ్ళు ఇంటి నుంచి నింపుకోండి, ఖాళీ సీసా కోటలో వదలకుండా తిరిగి తెచ్చుకోండి. కోట ద్వారం దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్ దాకా వినిపిస్తుందని అక్కడ అందరూ కొడుతూనే ఉంటారు. గైడ్ కావాలంటే నలుగురికీ ఖరీదే. అందుకని డబ్బిచ్చుకున్న ఇంకో కుటుంబం వెనక నడుస్తూ వాళ్ళ గైడ్ చెప్పేది వినడం చాలామందికి అలవాటు. ఆయన గొంతు ఆయన కూడు. ఆ కుటుంబాన్నే అడగండి, "మేం కూడా కలుస్తాం, సగం ఇస్తాం" అని. ఎవరూ కాదనరు. వాళ్ళకూ కలిసొస్తుంది.

రామదాసు బందిఖానా తప్పకుండా చూడండి. రామదాసు, అంటే కంచర్ల గోపన్న, మన పక్క ఖమ్మం జిల్లా నేలకొండపల్లి వాడు. పాల్వంచ తహసీల్దారుగా ఉండి, వసూలైన శిస్తు డబ్బుతో భద్రాచలం గుడి కట్టించాడని గోల్కొండ ఏలిన తానీషా జైల్లో పెట్టించాడు. భక్తుడి గొప్పతనం గోడ మీద బొమ్మల్లో చూస్తావు. నేను కండక్టరు బుద్ధితో ఇంకోటి కూడా చూస్తాను: ప్రజల సొమ్ము లెక్క తప్పితే రాముడి పేరు చెప్పినా సర్కారు ఒప్పుకోలేదు. తమాషా ఏమిటంటే 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత కోట పడిపోయి, అదే తానీషాను ఔరంగజేబు దౌలతాబాద్‌లో ఖైదు చేశాడు. ఆయన అక్కడే పోయాడు. ఆ బందిఖానా గోడల మీద కూడా పేర్లు గీకినవాళ్ళున్నారు. వాళ్ళ గురించి నీకు చెప్పక్కర్లేదు.

మధ్యాహ్నానికి ఆబిడ్స్ రండి. ఆదివారం షాపులు మూసేస్తే వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఈ ఊళ్ళో నాకు అన్నిటికంటే ఇష్టమైన బజారు అదే. నీ బీఈడీ పుస్తకాలు సగం ధరకు దొరకొచ్చు, ఎవరో పాతికేళ్ళ కిందట సంతకం పెట్టి బహుమతిగా ఇచ్చిన తెలుగు నవల పది రూపాయలకు దొరకొచ్చు. గంట వెతికి ఒక్కటి కొన్నా ఆ అమ్మేవాళ్ళు ఏమీ అనుకోరు. వాళ్ళకు పుస్తకాలు తిరగేసేవాళ్ళంటే ఇష్టం. కానీ పేజీలు ఫోన్‌లో ఫొటోలు తీసుకుని పుస్తకం కింద పెట్టేసి పోవద్దు. కోఠి వైపు నడిస్తే సుల్తాన్ బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. 1901లో పెట్టారు. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకోవడానికి చోటు లేని రోజుల్లో కొమర్రాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు కలిసి మొదలుపెట్టారు, మన మునగాల రాజా నాయని వెంకటరంగారావుగారు అండగా నిలిచారు. సూర్యాపేట పిల్లవి, మీ పక్క ఊరి రాజు చేయూతతో నిలబడ్డ గ్రంథాలయం ముందు నుంచి ఊరికే నడిచి పోవద్దు, ఒక్క నిమిషం ఆగి చూడు.

సాయంత్రం మెట్రో ఒక్కసారి ఎక్కండి. అసెంబ్లీ స్టేషన్‌లో దిగి బిర్లా మందిర్‌కు నడవొచ్చు. బస్సులో ముగ్గురికి సున్నా, ఒకరికి చార్జీ. మెట్రోలో నలుగురూ సమానమే, అందుకైనా ఎక్కండి. గుడి 1976లో కట్టారు, రెండు వేల టన్నుల తెల్ల పాలరాయి. గంటలు ఉండవు. ఫోన్లు లోపలికి రానివ్వరు, రెండు రోజుల్లో మీ కళ్ళు ఫోన్ అడ్డం లేకుండా చూసేది అక్కడే. కొండ మీద నుంచి హుస్సేన్‌సాగర్, మధ్యలో బుద్ధుడు కనిపిస్తాడు. పడవ టికెట్ కొనక్కర్లేదు. ఆ విగ్రహం భువనగిరి దగ్గర రాయగిరి నుంచి తెచ్చిన ఒకే రాయి, 18 మీటర్లు. 1990 మార్చి 10న నిలబెట్టడానికి తీసుకెళ్తుంటే పడవతో సహా మునిగింది, మోసుకెళ్ళిన పనివాళ్ళలో కొందరు చనిపోయారు. 1992 డిసెంబరులో పైకి తీశారు. ఇప్పుడు ఫొటోలు దిగేవాళ్ళలో ఆ పనివాళ్ళ సంగతి చాలామందికి తెలియదు.

ఆరున్నరకల్లా ఎం.జి.బి.ఎస్.కు చేరాలి, లేదంటే దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఎల్.బి. నగర్‌లోనో ఎక్కండి. ఇంకో గంట ట్యాంక్‌బండ్ మీద ఉందామని ఎవరో ఒకరు అంటారు. ఆ గంట ఉచితమే, కానీ సూర్యాపేట బస్టాండులో అర్ధరాత్రి మీ కోసం బావ బండి వేసుకుని నిలబడాలి. జగ్గయ్యపేట అమ్మాయి ఆ రాత్రి ఎక్కడ పడుకుంటుందో ముందే మాట్లాడుకోండి, ఆమె వాళ్ళింటికి కూడా ఫోన్ చేసి చెప్పండి.

ఎన్ని గంటల బస్సు ఎక్కుతున్నారో, శనివారం రాత్రి భోజనం మా ఇంట్లోనా బయటా, మీలో కారం తినని వాళ్ళెవరైనా ఉన్నారా, ఈ మూడూ గురువారం లోపు అత్తయ్యకు ఫోన్ చేసి చెప్పు. నాకు కాదు, అత్తయ్యకే.

ఆశీస్సులతో,
మీ మామయ్య
రాంనగర్, హైదరాబాద్